ఫ్రాంకు బిళ్లల ఖరీదు తేల్చిన జేబు కాటా

ముందు వస్తువు సంగతి. అరచేతిలో పట్టే డిజిటల్ కాటా. మూత తీస్తే మూడు వేళ్ల వెడల్పు స్టీలు పళ్లెం, దాని కింద నీలం లైటు వెలిగే చిన్న స్క్రీను, నాలుగు బటన్లు. రెండొందల గ్రాముల దాకా తూస్తుంది, గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. రెండు సన్న బ్యాటరీలు పడతాయి. ఆన్‌లైన్‌లో కొన్నాను, ఐదొందలు కూడా కాలేదు. చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు. అచ్చం ఇలాంటివే రకరకాల పేర్లతో అమ్ముతున్నారు.

దీన్ని చాలామంది వంటకో, నగలకో కొంటారు. నేను కొన్నది పాత ఫ్రాంకు నాణేల కోసం, అంటే ఫ్రాన్సు, దాని చుట్టుపక్కల దేశాల పాత డబ్బు కోసం. ఇంట్లో అలాంటివి గుప్పెడు ఉండి, వాటికి ఏమొస్తుందో తెలియక కూర్చున్నవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్తాను.

మా అమ్మవాళ్లది ఉద్దానం, కవిటి వైపు. అక్కడ ఓడల్లో పని చేసి వచ్చినవాళ్లు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. మా మావయ్య కూడా సరుకు ఓడల మీద వయసంతా గడిపి వచ్చిన మనిషే. మార్సెయ్, ఆంట్‌వెర్ప్, డకార్, జిబూటీ, ఆయన నోట్లో ఈ పేర్లు సోంపేట, కంచిలి అన్నంత సులువుగా పలుకుతాయి. రేవులో దిగినప్పుడు మిగిలిన చిల్లర మార్చుకునే అలవాటు లేదు. దానికి తోడు మార్సెయ్‌లో పాత సామాన్ల సంతకెళ్లి, అందంగా ఉన్నాయని పాత నాణేలు కూడా కొనేవారట. అన్నీ ఒక బోర్న్‌వీటా డబ్బాలో పోసి అటక మీద పెట్టేశారు. ఇన్నాళ్లకి మనవరాలికి పట్టీలు చేయించాలని అత్త పట్టుపట్టేసరికి ఆ డబ్బా కిందకి దిగింది.

నేను శ్రీకాకుళంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అంచేత మా చుట్టాల్లో మిషన్ అన్న మాట వస్తే చాలు, నా దగ్గరికే పంపిస్తారు. "అమ్మాయ్, ఇవి ఏటి పలుకుతాయో చూసి చెప్పు" అని మావయ్య డబ్బా నా చేతిలో పెట్టారు. అత్త మాత్రం "నాకు లచ్చలొద్దే అమ్మా, గుంటకి పట్టీలకి సరిపోతే చాలు" అంది. లక్షల మాట ఎందుకొచ్చిందంటే, మా బావ యూట్యూబ్‌లో 'ఈ నాణెం ఉంటే మీరు లక్షాధికారి' రకం వీడియోలు చూసి, కింద ఇచ్చిన నంబరుకి ఫొటోలు పంపేశాడు. అవతలివాడు వెంటనే ఒప్పుకున్నాడు. ముందు రిజిస్ట్రేషన్ ఛార్జీ కట్టాలి, ఆ తరవాత పన్ను కట్టాలి, అప్పుడు డబ్బు ఖాతాలో పడుతుందట. ఇలా తన పేరు చెప్పి కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన బావకి పంపాను. వాడు రూపాయి కట్టకముందే ఆగాడు, అది మా అదృష్టం.

ఆ తరవాత టౌన్‌లో ఒక వెండి కొట్టుకి తీసుకెళ్లాను. పేరు చెప్పను. కొట్టాయన డబ్బా మొత్తం తన కాటా పళ్లెంలో గుమ్మరించాడు. పసుపు రంగువి, తెల్లవి, అల్యూమినియంవి అన్నీ కలిపి తూచి, "ఏరుకోడాలు ఎందుకమ్మా, గంపగుత్తగా ఒక రేటు చెప్తాను" అన్నాడు. ఆ రేటు విని నేను మళ్లీ డబ్బాలో పోసుకుని బయటికొచ్చాను. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను. ఏది వెండో ఏది కాదో నాకే తెలియకుండా వెళ్తే ఆయన మాత్రం నాకోసం ఎందుకు ఏరతాడు?

ఫొటో తీస్తే నాణెం పేరు చెప్పే ఆప్ ఒకటి కూడా వేసి చూశాను. దాని సంగతి ముందుకొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫ్రాంకుకి కాటాతో ఇంత చుట్టరికం ఎందుకంటే, ఫ్రాంకు పుట్టిందే తూకంగా. ఫ్రాన్సులో విప్లవం తరవాత 1795లో గ్రాము, మీటరు కొలతలు చట్టంలోకి వచ్చాయి, ఆ ఏడాదే ఈ ఫ్రాంకు కూడా వచ్చింది. 1803లో నెపోలియన్ కాలం నాటి చట్టం దాన్ని ఖరారు చేసింది: ఒక ఫ్రాంకు అంటే ఐదు గ్రాముల నాణెం, అందులో పదింట తొమ్మిది వంతులు వెండి. కాబట్టి రెండు ఫ్రాంకులు పది గ్రాములు, ఐదు ఫ్రాంకులు ఇరవై ఐదు గ్రాములు. మన తులాలు, అణాల లెక్కలా చిక్కుముళ్లు లేవు. 1860ల్లో ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండు ఒక ఒప్పందం కింద చిన్న నాణేల్లో వెండిని వెయ్యికి 835 పాళ్లకి తగ్గించాయి గానీ తూకం జోలికి పోలేదు. ఆ రోజుల్లో ఏ దేశం ఫ్రాంకైనా ఐదు గ్రాములే. ఇంత తీరుగా ఉన్న నాణేలకి గీటురాయి కంటే ముందు కాటా తీయాలి.

మా ల్యాబ్‌లో ఏ మిషన్‌నీ కంట్రోల్, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనా, పెట్టి చూడకుండా నమ్మం. దీన్నీ అంతే. కాటాతో తూకపు రాయి ఇవ్వలేదు, నూరు గ్రాములది విడిగా కొనుక్కోమన్నాడు అమ్మినవాడు. దాని బదులు మన చిల్లరే సరిపోతుంది. 2011 నుంచి 2018 దాకా వచ్చిన మామూలు ఐదు రూపాయల బిళ్ల సరిగ్గా 6 గ్రాములు. అదే వరస పది రూపాయల బిళ్ల 7.71. అరగనివి, కొత్తవి చూసి ఏరుకున్నాను. ఐదు రూపాయలది 5.99, పది రూపాయలది 7.72 చూపించింది. రెండూ కలిపి పెడితే 13.71. ఆ ధరకి ఇంతకంటే ఏం అడుగుతాం? ఫ్యాను మాత్రం ఆపాలి. ఫ్యాను తిరుగుతుంటే ఆఖరి అంకె ఒక చోట నిలవదు. ఏప్రిల్‌లో శ్రీకాకుళంలో ఫ్యాను ఆపి నాణేలు తూయడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఐదు ఫ్రాంకుల బిళ్లలు. డబ్బాలో ఎక్కువ ఉన్నవి ఇవే. ఒకవైపు పొలంలో ఎద చల్లుతున్న ఆడమనిషి. భుజాన విత్తనాల సంచి, చెయ్యి బారుగా చాచి ఉంది, జుట్టూ చీరా గాలికి వెనక్కి ఎగురుతున్నాయి, వెనక సూర్యుడు పొడుస్తున్నాడు. చీర అన్నది నా మాట, అది వాళ్ల గౌనేదో. ఈ బొమ్మ ఆస్కార్ రోటీ అనే శిల్పి గీసింది, 1897 నుంచి 1920 దాకా, మళ్లీ 1960 నుంచి 2001 దాకా ఏదో ఒక నాణెం మీద అది కనిపిస్తూనే ఉంది. చిక్కంతా అక్కడే. 1960 నుంచి 1969 దాకా వచ్చిన ఐదు ఫ్రాంకులు వెండివి. 1970 నుంచి అదే బొమ్మ, అదే 29 మిల్లీమీటర్ల వెడల్పు, లోహం మాత్రం రాగి-నికెల్ మీద నికెల్ పూత. రెండూ పక్కపక్కన పెట్టి మా అమ్మని అడిగితే, తళతళా మెరుస్తున్న 1971 బిళ్లని తీసి "ఇదే వెండి" అంది. వెండిది నల్లబడి, ముసురు పట్టినట్టుంది మరి.

కాటా మీద పెడితే గొడవే లేదు. నల్లబడిన 1963 బిళ్ల 11.97. మెరిసే 1971ది 10.02. పుస్తకాల్లో ఉన్న తూకాలు 12, 10. రెండు గ్రాముల తేడా అంటే ఈ కాటాకి ఏనుగంత. నిర్ధారణ కోసం అంచు కూడా చూసుకోవచ్చు: వెండిదాని అంచు చుట్టూ 'స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం' అని ఫ్రెంచిలో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, తరవాత వచ్చినదానికి గీతలే. ఇందాక చెప్పిన ఆప్ ఉంది చూశారూ, అది ఈ రెండింటినీ వెండివనే చెప్పింది. ఏడాది అంకె నేనే కొట్టాల్సి వచ్చింది, అది కొట్టేసరికి డబ్బు కట్టమని అడిగింది. తీసేశాను. తూకాలు, వెడల్పులు, ఏ ఏడాది ఎన్ని ముద్రించారు లాంటివి కావాలంటే నూమిస్టా అనే వెబ్‌సైటు చాలు, అది ఉచితం.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి, తెల్లవన్నీ ఒకటే అనుకుంటే నష్టపోయేది ఇక్కడే. ఆకుల కిరీటం పెట్టుకున్న తల ఉన్న పది ఫ్రాంకులు 1929 నుంచి 1939 దాకా వెండివి, 10 గ్రాములు, అయితే వెండి వెయ్యికి 680 పాళ్లే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1945 నుంచి 1949 దాకా అదే తలతో పది ఫ్రాంకులు మళ్లీ వచ్చాయి, రాగి-నికెల్‌తో, 7 గ్రాములు. ఎద చల్లే ఆవిడ ఉన్న ఒక ఫ్రాంకు 1920 దాకా వెండిది, 5 గ్రాములు. 1960 తరవాతిది అచ్చ నికెల్, 6 గ్రాములు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతానికి టప్పున పట్టుకుంటుంది. స్విట్జర్లాండువి నా దగ్గర లేవు గానీ వాటి కథా ఇదే: 1967 దాకా ఒక ఫ్రాంకు 5 గ్రాముల వెండి, 1968 నుంచి 4.4 గ్రాముల రాగి-నికెల్.

వెండి అని తేలాక లెక్క సులువు. వెండి ధర పొద్దుటికీ సాయంత్రానికీ మారుతోంది కాబట్టి గ్రాము నూరు రూపాయలని అనుకుందాం, మీరు చదివే రోజు ధరతో మీరే సరిచేసుకోండి. వెండి ఐదు ఫ్రాంకులు: 12 గ్రాముల్లో 835 పాళ్లు అంటే 10.02 గ్రాముల అచ్చ వెండి, వెయ్యి రూపాయలు. యుద్ధానికి ముందు పది ఫ్రాంకులు: 6.8 గ్రాములు, ఆరొందల ఎనభై. పాత ఒక ఫ్రాంకు నాలుగు గ్రాముల చిల్లర, నాలుగొందల పైచిలుకు. డబ్బాలో ఒకే ఒక్క పెద్ద బిళ్ల ఉంది, 1967 నాటి పది ఫ్రాంకులు, 25 గ్రాములది. మధ్యలో గడ్డం వీరుడు, అటొక స్త్రీ ఇటొక స్త్రీ. "సుబ్రహ్మణ్యేశ్వరుడేటే?" అంది అత్త. ఆయన పాత గ్రీకు కథల వీరుడు హెర్క్యులిస్, పక్కన ఉన్నవాళ్లు స్వేచ్ఛ, సమానత్వం. 900 పాళ్ల వెండి, అంటే 22.5 గ్రాములు, రెండు వేల రెండొందల యాభై. దీని తమ్ముడు కాదు, అన్న ఒకడున్నాడు, 1974 నుంచి 1980 దాకా వచ్చిన యాభై ఫ్రాంకులు, 30 గ్రాములు. మావయ్యకి అది దొరకలేదు.

ఆ పెద్ద బిళ్ల మీద నాకు అనుమానం వచ్చింది, సంతలో కొన్నది కదా. తూకం సరిపోయినంత మాత్రాన వెండి అనడానికి లేదు, మందం పెంచి తూకం సరిపెట్టేవాళ్లుంటారు. కాటాతోనే ఇంకో పరీక్ష చేయొచ్చు. పలచటి ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కాలి. నాణేనికి కుట్టు దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. అప్పుడు స్క్రీను మీద కనిపించే అంకె ఆ నాణెం పరిమాణం, ఘన సెంటీమీటర్లలో. తూకాన్ని దాంతో భాగిస్తే సాంద్రత. 900 పాళ్ల వెండికి అది 10.3 దగ్గర రావాలి, రాగి-నికెల్‌కి 8.9. మనది 24.96 గ్రాములు, నీళ్లలో 2.42 చూపించింది. భాగిస్తే 10.31. అసలు సరుకే.

ఈ పరీక్షకి కాటా హద్దు కూడా తెలుసుకోవాలి. కప్పూ నీళ్లూ కలిపి రెండొందల గ్రాములు దాటితే ఒప్పుకోదు. చిన్న నాణేలకి ఫలితం అంత నమ్మకంగా ఉండదు. ఒక ఫ్రాంకు బిళ్ల నీళ్లలో అర గ్రాము కూడా చూపించదు, అక్కడ నూరో వంతు అటూ ఇటూ అయితే సాంద్రత 10.0 నుంచి 10.4 దాకా ఊగుతుంది. వెండా కాదా అంటే చెప్తుంది. 835ఆ 900ఆ అంటే చెప్పలేదు.

పసుపు రంగు బిళ్లల గురించి ఒక మాట. డబ్బాలో వీటిని చూసే బావకి బంగారం ఆశ పుట్టింది. 1930ల నాటి ఒక ఫ్రాంకు అల్యూమినియం కంచు, 1974 నుంచి 1987 దాకా వచ్చిన పది ఫ్రాంకులు రాగి కలిసిన మిశ్రమం. బూడితి ఇత్తడి తెలిసిన మన జిల్లావాళ్లు ఆ రంగుకి మోసపోకూడదు. ఇక 1943 అని ఉన్న ఒక ఫ్రాంకు చేతిలో పెడితే గాలికి ఎగిరిపోయేలా ఉంది, 1.3 గ్రాములు. యుద్ధంలో జర్మన్లు ఫ్రాన్సుని పట్టుకున్న రోజుల్లో రాగి, నికెల్ దొరక్క అల్యూమినియంతో కొట్టినవి. దాని మీద ఫ్రెంచి గణతంత్రం పేరు ఉండదు, 'ఫ్రెంచి రాజ్యం' అని, 'పని, కుటుంబం, మాతృభూమి' అని ఉంటుంది. చరిత్ర చాలా ఉంది, ఖరీదు లేదు.

బావ ఊరుకోలేదు. "బొబ్బిలి యుద్ధానికి బుస్సీతో వచ్చిన ఫ్రెంచోళ్ల నాణేలని చెప్తే ఎవడైనా కొంటాడు" అన్నాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం రాజు వెంట బొబ్బిలి కోట మీదకొచ్చింది 1757 జనవరిలో. ఈ గ్రాముల లెక్క ఫ్రాంకులు ముద్రించడం మొదలైంది దానికి దగ్గర దగ్గర నలభై ఏళ్ల తరవాత. అప్పుడు ఫ్రెంచివాళ్ల లెక్కలు లివ్రు అనే పాత డబ్బులో నడిచేవి. యానాం పేరు చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచివాళ్లున్నా యానాంలో చెల్లింది రూపాయలే. కాబట్టి 'మన ప్రాంతపు ఫ్రాంకు' అని ఎవరైనా మీకు అంటగడితే తూయక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి.

మార్చుకోవడం సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఫ్రెంచి ఫ్రాంకు 2002 ఫిబ్రవరి 17తో చెలామణీ ఆగిపోయింది. 6.55957 ఫ్రాంకులకి ఒక యూరో చొప్పున నాణేలు మార్చుకోవడానికి ఫ్రాన్సు కేంద్ర బ్యాంకు ఇచ్చిన గడువు 2005 ఫిబ్రవరి 17న అయిపోయింది. బెల్జియం నాణేల గడువు 2004 చివరికే ముగిసింది. ఇవి ఇప్పుడు లోహం, లేదంటే సేకరణ సరుకు, అంతే. పశ్చిమ ఆఫ్రికా ఫ్రాంకులూ, జిబూటీ ఫ్రాంకులూ ఇప్పటికీ చెల్లుతున్నాయి. అయితే ఆఫ్రికాది 655.957కి ఒక యూరో, నూరు ఫ్రాంకుల బిళ్ల పదిహేను యూరో సెంట్లు. పైగా విదేశీ డబ్బు మార్చే చోట నోట్లే తీసుకుంటారు, చిల్లర ముట్టుకోరు. జిబూటీ నూరు ఫ్రాంకుల మీద ఒంటెల జంట ముచ్చటగా ఉంటుంది. ఆఫ్రికా బిళ్ల మీద ఉన్న రంపం మూతి చేప ఇంకా ముచ్చట: వెనకటికి అక్కడివాళ్లు బంగారు పొడి తూయడానికి వాడిన తూకపు రాయి ఆకారం అది. నేను కాటా మీద తూకపు రాయి బొమ్మనే తూశానన్నమాట. వాటిని పిల్లలకి ఇచ్చేశాను.

లోహం ధరకి మించి పలికేవి ఉండవా అంటే ఉంటాయి, కానీ కాటా ఆ సంగతి చెప్పదు. ఏడాది, టంకసాల గుర్తు, అరుగుదల, ఈ మూడూ కళ్లతో చూడాల్సిందే. వెండి ఒక ఫ్రాంకుల్లో 1914 నాటిది చిన్న 'సి' అక్షరంతో ఉంటే అది కాస్టెల్‌సరజాన్ టంకసాలది, చాలా తక్కువ ముద్రించారు, సేకరించేవాళ్లు వెతుక్కుంటారు. మామూలు 1914కి, అక్షరం లేనిదానికి, ఆ యోగం లేదు. మా దగ్గర ఉన్నవి 1915, 1916, ఊరంతా ఉండే సరుకు. ఒక హెచ్చరిక: నల్లగా ఉందని చింతపండుతోనో, పళ్ల పొడితోనో తోమకండి. సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే ధర దించేస్తారు. మా అత్త రెండింటిని అప్పటికే తోమేసింది. ఇంకోటి, నూరేళ్లు దాటిన నాణెం మన చట్టంలో పురావస్తువు కింద లెక్క. 1972 నాటి చట్టం ప్రకారం దాన్ని దేశం దాటించకూడదు. విదేశీ వెబ్‌సైటులో పెట్టి పోస్టులో పంపేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఏరిన వెండి బిళ్లల్ని కాగితం మీద తూకం, పాళ్లు, లెక్క రాసి పట్టుకుని ఈసారి విజయనగరం వెళ్లాం, గంటస్తంభం దగ్గర తెలిసినవాళ్లు చెప్పిన ఒక పాత వెండి కొట్టుకి. ఆయన నా కాగితం చదివి నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. లోహం పాళ్లు చూపించే మిషన్‌లో ఒక ఐదు ఫ్రాంకుల బిళ్ల పెట్టించాడు. ఎనిమిదొందల ముప్పై చిల్లర వచ్చింది. తన కాటాలో తూచాడు, మన కాటాకీ దానికీ మొత్తం మీద తేడా గ్రాములో పదో వంతు. కరిగింపు ఖర్చు కొంత తీసేసి మిగతాదానికి ఆ రోజు ధర కట్టాడు. శ్రీకాకుళంలో అన్నీ కలిపి చెప్పిన గంపగుత్త రేటుకి అది రెండింతల పైనే, అదీ వెండివి మాత్రమే ఇచ్చి. హెర్క్యులిస్ బిళ్ల అత్త ఇవ్వనంది. దేవుడు కాదని చెప్పినా వినలేదు. పట్టీలకి వెండి సరిపోయింది, మజూరీ చేతి నుంచి పెట్టుకున్నారు.

మన కాటా తూకాన్ని ఏ వ్యాపారీ ఒప్పుకోనక్కర్లేదని గమనించండి. వ్యాపారానికి వాడే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దీనికి ఉండదు. ఇది బేరానికి కూర్చునే ముందు మన చేతిలో అంకె ఉండటానికే.

ఇక వస్తువు లోపాలు. అన్నిటికంటే పెద్దది మోడ్ బటన్. సున్నా చేసే బటన్ పక్కనే ఉంది, వేలు జారితే గ్రాములు పోయి క్యారెట్లు వస్తాయి. ఐదు గ్రాములకి 25 అని చూపిస్తుంది. బావ ఇలాగే ఒక ఫ్రాంకు బిళ్ల పెట్టి, 25 చూసి, పెద్ద బిళ్లకి ఉండే తూకం దీనికొచ్చిందని ఇంటిల్లిపాదినీ హైరానా పెట్టాడు. అంకె పక్కన ఉన్న అక్షరం మరీ చిన్నది, చత్వారం వచ్చినవాళ్లకి కనిపించదు. రెండోది, నిమిషం ముట్టుకోకపోతే తనంతట తనే ఆరిపోతుంది. నీళ్ల పరీక్ష మధ్యలో ఆరిపోయిందంటే మళ్లీ మొదటి నుంచి. మూడోది, దాంతో ఇచ్చిన బ్యాటరీలు నాసిరకం, మొదటి రోజే మార్చేయండి. బ్యాటరీ తగ్గితే అంకె నెమ్మదిగా కిందకి జారుతుంది. తూకాన్ని సరిచేసే బటన్ని మాత్రం నూరు గ్రాముల రాయి దగ్గర లేకుండా నొక్కొద్దు, ఉన్నది కూడా చెడుతుంది.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఐదోది ఆ మోడ్ బటన్‌కి కోశాను. ఒకవేళ మీ ఇంట్లో ఉన్నది బంగారు ఇరవై ఫ్రాంకులైతే, అంటే 21 మిల్లీమీటర్లు, 6.45 గ్రాములు, అందులో 5.8 గ్రాములు అచ్చ బంగారం, ఈ కాటాతో తూయండి, తూకం తప్పితే నకిలీ అని తేలిపోతుంది. తూకం సరిపోతే మాత్రం అక్కడితో నమ్మేయకండి. వాటికి నకిలీలు ఎక్కువ. నేరుగా హాల్‌మార్క్ సెంటర్‌కి తీసుకెళ్లి, కోయించకుండా, కరిగించకుండా మిషన్‌లో పరీక్ష చేయించుకోండి.